గార్డ్ నిలవడం లేదా? తప్పు ఎక్కడుందో వెతికే పద్ధతి

నల్లగొండ, పాలమూరు వైపు బ్రెజిలియన్ జియు-జిత్సు (నేల మీద పట్లతో సాగే పోటీ ఆట) మొదలుపెట్టేవాళ్లలో చాలామందికి అంతకుముందే కబడ్డీతోనో, కుస్తీతోనో, జూడోతోనో పరిచయం ఉంటుంది. పట్టులో బలానికి, కాళ్లలో సత్తువకు లోటుండదు. వీపు నేలకు ఆనిన తర్వాతే తంటా మొదలవుతుంది. గార్డ్ అంటే కింద ఉండి కాళ్లతో, చేతులతో పైవాళ్లను అదుపులో పెట్టడం. కబడ్డీ, కుస్తీ దీన్ని నేర్పవు, జూడోలోనూ దీనికి దొరికే సమయం తక్కువ.

గార్డ్ తెగిన క్షణంలో కారణం కనిపించదు. అది అంతకుముందు రెండు కదలికల వెనక ఉంటుంది. కాలు ఎందుకు జారిందని ఆలోచించే ముందు మూడు సంగతులు చూసుకోండి: అప్పుడు చేతిలో పట్టు ఉందా, తుంటి ఏ వైపు తిరిగి ఉంది, మోకాలికీ మోచేతికీ మధ్య ఎంత ఖాళీ ఉంది. కింద చెప్పిన సమస్యల్లో ఎక్కువ భాగం ఈ మూడింటిలో ఏదో ఒక చోట తేలతాయి.

దాటబోతుంటే బోర్లా తిరిగిపోవడం

ఎదుటివాళ్లు కాళ్ల పక్కకు రాగానే శరీరం దానంతటదే బోర్లా తిరుగుతుంది. మరుక్షణం వాళ్లు వీపెక్కి, రెండు మడమలు తొడల లోపల వేసి, మెడకు చెయ్యి చుడతారు. కుస్తీ చేసినవాళ్లలో ఇది తప్పకుండా కనిపిస్తుంది. అక్కడ రెండు భుజాలు నేలకు తాకితే ఆట అయిపోయినట్టే కాబట్టి వీపు దాచుకోవడం ఒంటికి పట్టిన అలవాటు. ఇక్కడ లెక్క వేరు. ఐబీజేజేఎఫ్ (అంతర్జాతీయ బ్రెజిలియన్ జియు-జిత్సు సమాఖ్య) నియమాల్లో వీపు నేల మీద ఉన్నంత మాత్రాన ఎదుటివాళ్లకు ఏమీ రాదు. గార్డ్ దాటి 3 సెకన్లు నిలబెట్టుకుంటే 3 పాయింట్లు, వీపు వైపు చేరి రెండు కాళ్ల హుక్స్ వేసి నిలిస్తే 4. బోర్లా తిరిగితే 3 తప్పించుకోబోయి 4 ఇస్తున్నట్టు, పైగా మెడ కూడా అప్పగిస్తున్నట్టు.

తిరగొద్దని చెబితే ఈ అలవాటు పోదు. దానికి ఒక డ్రిల్ ఉంది. కిందివాళ్లు రెండు చేతులతో తమ కాలరే పట్టుకోవాలి. పైవాళ్లు సగం కంటే తక్కువ బలంతో ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు దాటడానికి ప్రయత్నించాలి. కిందివాళ్లకు నియమం ఒక్కటే: బొడ్డు ఎప్పుడూ ఎదుటివాళ్ల వైపే ఉండాలి. బోర్లా తిరిగితే ఆపి మొదటి నుంచి. 2 నిమిషాల చొప్పున మూడు రౌండ్లు, స్పారింగ్‌కు (నిజమైన ఆటలా తలపడే ప్రాక్టీస్‌కు) ముందు. చేతులు లేకపోతే తుంటి కదపక తప్పదు, ఈ డ్రిల్ పని అదే. రెండు మూడు వారాల తర్వాత చేతులు వాడనివ్వండి.

కుస్తీలో నేర్చిన బ్రిడ్జ్‌ను (తుంటిని పైకెత్తి ఒంటిని వంతెనలా చేయడం) మాత్రం వదులుకోకండి. మౌంట్ కింద, అంటే ఎదుటివాళ్లు మీ కడుపు మీద ఎక్కి కూర్చున్నప్పుడు, అంత పనికొచ్చేది ఇంకొకటి లేదు.

ప్యాంటు పట్టి కాళ్లు పక్కకు విసిరేసి దాటిపోతున్నారు

దీన్నే టోరియాండో పాస్ అంటారు. దీనికి దొరికిపోయేవాళ్ల కాళ్లు గాలిలో ఊరికే ఊగుతుంటాయి, చేతుల్లో ఏ పట్టూ ఉండదు, వీపు మొత్తం నేలకు పరుచుకుని ఉంటుంది. చాలామంది కాళ్లలో బలం చాలదనుకుని స్క్వాట్లు పెంచుతారు. దానివల్ల ప్రయోజనం లేదు, ఇక్కడ లోపం బలానిది కాదు.

మొదట పట్టు. ఎదుటివాళ్లు మీ మోకాళ్ల దగ్గర ప్యాంటు పట్టకముందే వాళ్ల ఒక స్లీవ్ మీ చేతిలో ఉండాలి. అంతకంటే మంచిది ఒక చేత్తో కాలర్, ఇంకో చేత్తో స్లీవ్. రెండు పాదాల్లో ఒకటైనా వాళ్ల తుంటి మీదో, బైసెప్స్ మీదో ఆని ఉండాలి. చేతులు లాగుతుంటే పాదం తోస్తుండాలి. ఈ రెండూ ఒకేసారి జరిగితేనే మధ్య దూరం మీ అదుపులో ఉంటుంది. వాళ్లు పట్టు వేసేశారా? కాలును వెనక్కి గుంజి విడిపించబోకండి. పాదాన్ని లోపలి నుంచి బయటికి గుండ్రంగా తిప్పి వాళ్ల మణికట్టును మెలిపెట్టండి, పట్టు వదులుతుంది.

తర్వాత ఎంత దాటారన్నది చూడాలి, ఎందుకంటే ఒక్కో దశకు ఒక్కో జవాబు. మీ పాదాలు దాటి మోకాళ్ల పక్కన ఉంటే తుంటిని వాళ్ల వైపు తిప్పి మళ్లీ ఎదురుగా రావడమే చాలు, చేతులతో తొయ్యాల్సిన పని లేదు. మోకాళ్లు దాటి తుంటి పక్కకు వస్తే ఫ్రేమ్ కావాలి: ఒక ముంజేయి వాళ్ల గొంతు కింద కాలర్ ఎముకకు అడ్డంగా, ఇంకో చెయ్యి వాళ్ల తుంటి దగ్గర. ఫ్రేమ్ బలంతో వాళ్లను కదపాలని చూడకండి. అది కదలకుండా ఉంటే చాలు, కదలాల్సింది మీ తుంటి. ఛాతీ మీద ఛాతీ పడ్డాక మాత్రం గార్డ్ కాపాడే పద్ధతులు పనిచెయ్యవు. అప్పుడు సైడ్ కంట్రోల్ (పక్క నుంచి ఛాతీతో నొక్కి పెట్టే స్థితి) నుంచి బయటపడే పని మొదలుపెట్టాలి.

తుంటి కదపడం దగ్గరే ఇంకో లోపం దాగి ఉంటుంది. వార్మప్‌లో మ్యాట్ ఈ చివర నుంచి ఆ చివర దాకా హిప్ ఎస్కేప్ (నేల మీద పడుకుని తుంటిని జరపడం) వరసగా చేస్తారు. అందులో అందరూ తల వైపే జరుగుతారు. స్పారింగ్‌లో కావాల్సింది పక్కకు జరగడం, జరిగిన ఖాళీలో మోకాలు లోపలికి తేవడం. చాలామంది తుంటి జరిపి అక్కడే ఆగిపోతారు, ఖాళీ రెండు సెకన్లలో మూసుకుపోతుంది. నేలను తోసే పాదం పిరుదుకు దగ్గరగా ఉండాలి. బరువు ఒక భుజం మీదకు, ఆ పాదం మీదకు వచ్చి, తుంటి గాలిలోకి లేవాలి. జరగడం అయ్యాక పక్కటెముకలు నేలకు ఆనాయా, వీపంతా ఆనిందా చూసుకోండి. వీపంతా ఆనితే అది హిప్ ఎస్కేప్ కాదు. దాన్ని పక్కన పార్ట్‌నర్ మోకాళ్ల మీద కూర్చుని ఉండగా చేయండి. ప్రతిసారీ మోకాలు లోపలికి వచ్చి వాళ్ల కడుపుకు ఆనితేనే ఒకటి లెక్కపెట్టండి. చెరో వైపు పది చాలు.

క్లోజ్డ్ గార్డ్‌లో వాళ్లు నిటారుగా కూర్చుంటున్నారు, ఏదీ పడటం లేదు

క్లోజ్డ్ గార్డ్ అంటే కాళ్లు వాళ్ల నడుము చుట్టూ వేసి మడమలు ముడివేసిన గార్డ్. లాగిన క్షణంలో ఏం జరిగిందో గమనించండి. వాళ్ల తల కిందికి వచ్చిందా, మీ భుజాలు పైకి లేచాయా? మీ భుజాలు లేస్తే మీరు చేతులతో మాత్రమే లాగుతున్నారు. మీ చేతుల బలం వాళ్ల నడుము బలంతో తలపడుతోంది, అందులో నడుమే గెలుస్తుంది.

వాళ్లను వంచాల్సింది మీ మోకాళ్లు. మడమల ముడి వాళ్ల నడుము కింద జారి ఉంటే బలం అందదు. తుంటి కొద్దిగా పైకెత్తి ముడిని పక్కటెముకల కింద దాకా తీసుకెళ్లండి. కుడి చేత్తో వాళ్ల కుడి కాలర్ అడ్డంగా పట్టండి, నాలుగు వేళ్లు లోపల, బొటనవేలు బయట, వీలైనంత లోతుగా. ఎడమ చేత్తో వాళ్ల కుడి మోచేతి దగ్గర గుడ్డ. ఇప్పుడు మోకాళ్లను మీ ఛాతీ వైపు గట్టిగా లాగుతూ అదే క్షణంలో చేతులు లాగాలి. వాళ్ల చెయ్యి మ్యాట్ మీద ఆనిందంటే పోస్చర్ (నిటారు కూర్పు) విరిగినట్టే. ఇక ఆలస్యం చేయకుండా కోణం తీసుకోండి. మడమలు విప్పి ఒక పాదం వాళ్ల తుంటి మీద పెట్టి, మీ తలను పక్కకు జరపండి.

వంగకుండా ఇంకా గట్టిగా వెనక్కి వాలుతున్నారా? అది మంచి అవకాశం. వెనక్కి వాలేవాళ్ల మీద హిప్ బంప్ స్వీప్ పనిచేస్తుంది (స్వీప్ అంటే కింది నుంచి వాళ్లను పడేసి పైకి రావడం). ఒక చేతి మీద లేచి కూర్చుని, రెండో చెయ్యి వాళ్ల భుజం మీదుగా వేసి ట్రైసెప్స్ పట్టి, తుంటితో వాళ్ల కడుపును గుద్దుతూ ఆ వైపే తిరగాలి. వాళ్లు చెయ్యి నేల మీద ఆనించి ఆపుకుంటే ఆ చెయ్యే కిమురాకు (భుజాన్ని మెలిపెట్టే పట్టు) దొరుకుతుంది. ముందుకు వంగితే ఒకటి, వెనక్కి వాలితే ఇంకొకటి అని రెండూ జతగా నేర్చుకోండి. ఒక్కటే నేర్చుకున్నవాళ్లు అది పడేదాకా ఎదురుచూస్తూ గార్డ్ పోగొట్టుకుంటారు.

వాళ్లు లేచి నిలబడితే మడమల ముడి పట్టుకుని వేలాడకండి. వాళ్ల రెండో పాదం నేల మీద కుదురుకోకముందే ముడి విప్పి, రెండు చీలమండలు పట్టి, మోకాళ్లతో వాళ్ల తుంటిని తోయండి. మిమ్మల్ని పైకెత్తితే వెంటనే విప్పేయండి. ఎత్తి పడేయడం నియమాల ప్రకారం నిషేధమే, కానీ ప్రాక్టీస్‌లో పట్టు జారి పడితే మెడకు దెబ్బ తగులుతుంది. ఇంకో సంగతి: నిలబడి ఉన్నవాళ్ల మీదకు ఎగిరి క్లోజ్డ్ గార్డ్ వేయడం తెల్ల బెల్టుకు ఐబీజేజేఎఫ్ పోటీల్లో కుదరదు. ఎదుటివాళ్ల మోకాలు విరిగే ప్రమాదం ఉంది. అందుకే క్లాసులోనూ వద్దు.

ట్రయాంగిల్ పడింది, కానీ ముడుచుకుపోతున్నాను

ట్రయాంగిల్ అంటే వాళ్ల మెడనూ ఒక చేతినీ మీ కాళ్ల మధ్య బిగించే చోక్. మీ ముక్కు వాళ్ల ముక్కుకు ఎదురుగా ఉందా? అయితే తప్పు దొరికింది. వాళ్ల చెవి కనబడేలా పక్కకు తిరిగి ఉండాలి. ఎదురెదురుగా ఉంటే వాళ్లు బరువంతా మీ మెడ మీద వేసి స్టాక్ చేస్తారు, అంటే మిమ్మల్ని మడతపెట్టేస్తారు. కోణం తీసుకోవాలంటే మెడ మీద వేసిన కాలి పిక్కను చేత్తో పట్టుకుని, రెండో పాదం వాళ్ల తుంటి మీద నెట్టి, తిరగాలి. పాదం వేళ్లు పట్టి లాగకండి, చీలమండ మెలిపడుతుంది. తిరిగాకే మెడ మీద వేసిన కాలి చీలమండ మీద రెండో కాలి మోకాలి మడత మూయండి. అప్పటికీ స్టాక్ చేస్తుంటే, మీరు చూస్తున్న వైపు ఉన్న వాళ్ల కాలి కింద మీ చెయ్యి దూర్చండి, ముందుకు రావడం ఆగుతుంది. మెడ నొప్పి మొదలైతే కాళ్లు విప్పేయండి.

హాఫ్ గార్డ్‌లో చదునైపోవడం

హాఫ్ గార్డ్ అంటే వాళ్ల ఒక కాలిని మీ రెండు కాళ్ల మధ్య బంధించిన గార్డ్. తలను ఒక పక్కకు నొక్కేస్తారు, వీపు నేలకు అతుక్కుంటుంది, ఆ తర్వాత ఎంత గింజుకున్నా శ్వాస ఖర్చవడం తప్ప ఏమీ రాదు. హాఫ్ గార్డ్‌ను దాడి చేసే గార్డ్‌గా మలచిన వాళ్లలో బ్రెజిల్‌కు చెందిన రొబెర్తో గోర్దో కొరియా ముఖ్యుడు. మోకాలి గాయంతో మిగతా గార్డ్‌లు ఆడలేని దశలో దీన్ని పెంచుకున్నాడు. అది పక్కకు పడుకుని ఆడే గార్డ్, వెల్లకిలా ఆడేది కాదు.

మీరు బంధించింది వాళ్ల కుడి కాలైతే మీ కుడి తుంటి మీద పడుకోవాలి. తలను నొక్కడానికి వచ్చేది వాళ్ల ఎడమ చెయ్యి. దాన్ని మీ కుడి చెయ్యి బైసెప్స్ దగ్గర ఆపాలి. ఆ తర్వాతే మీ ఎడమ చెయ్యి వాళ్ల కుడి చంక కిందకు, అండర్‌హుక్‌కు. వరస తలకిందులైతే, అంటే తల కాపాడుకోకుండా అండర్‌హుక్ కోసం ఎగబడితే, చదునవుతారు. ఎడమ మోకాలును వాళ్ల ఛాతీకి అడ్డంగా పెడితే ఈ పనులకు సమయం దొరుకుతుంది. అండర్‌హుక్ దొరికాక తల వాళ్ల ఛాతీకి అతుక్కుని ఉండాలి. తల కిందికి వేలాడితే డార్స్ చోక్‌కు (చేతులతో మెడ బిగించే పట్టు) దారి ఇచ్చినట్టే.

సిజర్ స్వీప్‌లో మనిషి కదలరు

సిజర్ స్వీప్‌లో ఒక కాలు వాళ్ల ఛాతీకి అడ్డంగా పెట్టి, రెండో కాలు నేల మీద నుంచి కత్తెరలా కొట్టి పడేస్తారు. వాళ్లు మడమల మీద కూర్చుని ఉండగా కాళ్లతో కొట్టినా పడరు. ముందు కాలర్, స్లీవ్ లాగి బరువు మీ అడ్డకాలి మీదకు తెచ్చుకోండి. పడాల్సిన వైపు చెయ్యి మీ పట్టులో ఉండాలి. వదిలేస్తే ఆ చెయ్యి నేల మీద ఆనించి ఆగిపోతారు.

డె లా రివాలో చీలమండ పట్టు జారడం

డె లా రివా అంటే నిలబడినవాళ్ల కాలికి బయటి నుంచి మీ కాలు చుట్టి హుక్ వేసే గార్డ్. కబడ్డీ ఆడినవాళ్లకు చీలమండ పట్టు పుట్టుకతో వచ్చినట్టే ఉంటుంది, ఈ గార్డ్ తొందరగా వస్తుంది. కానీ కబడ్డీలో పట్టిన కాలిని తమవైపు గుంజడమే పని. ఇక్కడ గుంజితే ఎదుటివాళ్లు మీ మీదకే వస్తారు. చెయ్యి మడమను పట్టి ఉంచాలి, రెండో పాదం వాళ్ల రెండో తుంటిని దూరంగా తొయ్యాలి. పిక్క మీద పట్టితే జారుతుంది, మడమ వెనక ప్యాంటు అంచును బయటి నుంచి ముడత పట్టండి. ప్యాంటు అంచు లోపలికి, స్లీవ్ లోపలికి వేళ్లు దూర్చడం ఐబీజేజేఎఫ్‌లో ఫౌల్.

హుక్ వేసిన మోకాలి లోపలివైపు నొప్పి వస్తే పాదం వాళ్ల కాలికి చుట్టుకుని ఉండగానే మీ మోకాలు బయటికి తిరుగుతోందని అర్థం. పాదం ముందు విప్పి, తర్వాత తిరగాలి. టప్పున చప్పుడై వాపు వస్తే ఆ రోజుకు ఆపి డాక్టర్‌కు చూపించండి.

వేళ్ల కీళ్లు నొప్పి, రెండు రౌండ్లకే పట్టు పోవడం

మొదటి నుంచి చివరి దాకా పిడికిలి బిగించి ఉంచడమే కారణం. పనిచేసే క్షణంలో బిగించండి, మిగతాప్పుడు వేళ్లను కొక్కెంలా వంచి ఉంచితే చాలు. వాళ్లు గట్టిగా విదిలించి తెంపబోతుంటే మీరే వదిలి మళ్లీ పట్టండి, కీళ్లకు దెబ్బ తగిలేది ఆ విదిలింపులోనే. సన్నటి టేప్ కీలుకు పైన, కింద చుట్టండి, కీలు మీద కాదు. వారంలో ఒక రోజు గి (ఈ ఆటకు వేసుకునే మందపాటి కోటు, ప్యాంటు) లేకుండా ఆడితే వేళ్లకు విశ్రాంతి.

ఎండకాలంలో ఇంకో ఇబ్బంది ఉంది. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర 40 డిగ్రీలు దాటుతుంది. తడిసిన గి బరువెక్కి తుంటి కదలిక మందగిస్తుంది, టెక్నిక్ చెడిందని పొరపడతారు. పొద్దున ఏడు లోపు ప్రాక్టీస్ ముగించుకోండి, 350 జీఎస్ఎం తూకపు తేలిక గి వాడండి, రౌండ్ల మధ్య ఉప్పు కలిపిన మజ్జిగో నీళ్లో తాగండి. తడి గిని బ్యాగులో మూసి ఉంచితే తామర పెరిగి ఇతరులకూ అంటొచ్చు, ఇంటికి రాగానే ఉతికి ఎండలో ఆరేయండి. ఒంటి మీద తామర మచ్చ కనబడితే మానేదాకా మ్యాట్ ఎక్కకండి.