నెట్ బిగించి వెళ్ళిపోయాక రౌటర్‌లో మనం మార్చుకోవాల్సినవి

మొన్న ఆదివారం ఎంవీపీ కాలనీలో మా పిన్ని వాళ్ళింటికెళ్ళి రౌటర్ తిరగేసి చూశాను. అడుగున స్టిక్కర్ మీద అడ్మిన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రెండూ ఒకటే మాట, రెండేళ్ళుగా అదే నడుస్తోంది. వైఫై పాస్‌వర్డ్ ఏమిటంటే బాబాయి ఫోన్ నంబర్. "ఏట్రా, నెట్ బాగానే వస్తోంది కదా, దాన్నెందుకు కెలకడం?" అంది పిన్ని. నెట్ బాగా రావడం ఒకటి, ఆ దారిలో వేరేవాళ్ళు మన ఇంట్లోకి రాకుండా చూసుకోవడం ఇంకొకటి. ఆ రోజు ఏ వరసలో చేశానో అలాగే రాస్తున్నాను, మీ ఇంట్లోనూ గంటలో అయిపోతుంది.

ముందు ఫోన్‌లో వైఫై వివరాలు తెరిచి గేట్‌వే (రౌటర్ అడ్రస్) అని ఉన్న నంబర్ చూడండి. ఎక్కువగా 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ ఉంటుంది. దాన్ని బ్రౌజర్‌లో కొడితే రౌటర్ లాగిన్ పేజీ వస్తుంది. లోపలికి వెళ్ళగానే ఏదీ మార్చొద్దు, ముందు వాన్ (బయటి నెట్ కనెక్షన్) పేజీకి వెళ్ళి అక్కడున్న పీపీపీఓఈ యూజర్‌నేమ్, వీలాన్ ఐడీ, అంటే నెట్ కంపెనీ మన లైన్‌కి ఇచ్చిన వివరాలు అన్నీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. వీటి జోలికి అసలు వెళ్ళకండి. వెనక రీసెట్ అని రాసి ఉన్న సన్నటి కంతలో పిన్ను గుచ్చినా ఇవి చెరిగిపోయే అవకాశం ఉంది, అప్పుడు నెట్ అబ్బాయి మళ్ళీ వచ్చేదాకా ఇంట్లో నెట్ ఉండదు. బ్యాకప్ ఆప్షన్ ఉంటే అదీ తీసి పెట్టుకోండి.

ఇక మొదట మార్చాల్సింది అడ్మిన్ పాస్‌వర్డ్, అంటే వైఫైది కాదు, ఈ పేజీలోకి రావడానికి కొట్టేది. 2016లో మిరాయ్ అనే వైరస్ చేసిన పని ఇంతే, కంపెనీ వాళ్ళు పెట్టి అమ్మిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జంటలు అరవై పైచిలుకు దగ్గర పెట్టుకుని, దొరికిన ప్రతి కెమెరా మీదా రౌటర్ మీదా కొట్టి చూసి లోపలికి దూరింది. అలా లొంగిన పరికరాలతో ఆ ఏడాది అక్టోబర్‌లో డైన్ (Dyn) అనే డీఎన్ఎస్ కంపెనీ (సైట్ల పేర్లకు నంబర్ అడ్రసులు వెతికిపెట్టేది) మీద దాడి జరిగితే ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివే కొన్ని గంటలు చాలామందికి తెరుచుకోలేదు. ఆ కెమెరాల సొంతదారుల్లో ఎక్కువమందికి తమ ఇంట్లోది ఆ పనికి వాడారన్న సంగతే తెలియదు.

వైఫై పాస్‌వర్డ్ దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఫోన్ నంబర్ పెట్టుకోవడం మన దగ్గర చాలా ఎక్కువ. పది అంకెలు ఉన్నాయి కదా అనిపిస్తుంది గానీ మన సెల్ నంబర్లు 6, 7, 8, 9లతోనే మొదలవుతాయి, అంటే మొత్తం కలిపినా 400 కోట్ల నంబర్లు. డబ్ల్యూపీఏ2 అనే వైఫై తాళం పద్ధతిలో మీ ఫోన్ రౌటర్‌కి కలిసేటప్పుడు గాల్లో జరిగే పలకరింపును పక్క ఫ్లాట్‌లో ఎవరైనా పట్టుకుంటే చాలు, తర్వాత మీ రౌటర్‌తో పనిలేకుండా తీరిగ్గా తన కంప్యూటర్‌లోనే ఒక్కో నంబర్ పెట్టి చూసుకోవచ్చు. మంచి గ్రాఫిక్స్ కార్డు ఉంటే అది గంటల పని. అందుకని ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి మధ్యలో గీతలు పెట్టండి, 63 అక్షరాల దాకా పెట్టుకోవచ్చు. సామెతలు, పాటల పల్లవులు వద్దు. సెక్యూరిటీ దగ్గర డబ్ల్యూపీఏ3 ఉంటే అది, పాత ఫోన్లు కలవకపోతే డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ పెట్టండి. టీకేఐపీ అనే పాత పద్ధతి ఉంటే తీసేయండి.

డబ్ల్యూపీఎస్, అంటే పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తో గానీ పిన్‌తో గానీ వైఫై కలిపే పద్ధతి, ఆపేయండి. దాని పిన్ ఎనిమిది అంకెలే అయినా రౌటర్ దాన్ని రెండు ముక్కలుగా సరిచూస్తుంది, చివరి అంకె మిగతావాటి నుంచి లెక్క కట్టేదే, కాబట్టి 11,000 ప్రయత్నాల్లోపే దొరికిపోతుందని 2011లోనే బయటపడింది. వైఫై పేరు దాచడం, మ్యాక్ ఫిల్టర్ (పరికరం నంబర్ చూసి రానివ్వడం) పెట్టడం మీద మాత్రం టైమ్ వేస్ట్ చేసుకోకండి, పేరూ మ్యాక్ నంబరూ రెండూ గాల్లో కనిపించేవే.

పిన్ని ఇంట్లో నాకు నిజంగా టెన్షన్ పుట్టించింది పోర్ట్ ఫార్వర్డింగ్ పేజీ, అంటే బయటి నుంచి ఇంట్లోని పరికరాలకి దారులు తెరిచే చోటు. అందులో రెండు వరసలు ఉన్నాయి, ఒకటి 80, ఇంకోటి 554. గేటు దగ్గర కెమెరా పెట్టినతను ఫోన్‌లో బొమ్మ కనిపించాలని తెరిచి వదిలేశాడు. 80 అంటే కెమెరా వెబ్ పేజీకి దారి, 554 అంటే కెమెరా వీడియో బయటికి వెళ్ళే దారి. ఇప్పుడు ఆ కెమెరాకి యాప్ ఉంది, అది లోపలి నుంచే బయటికి కలుస్తుంది, ఈ దారులు అక్కర్లేదు. రెండూ తీసేసినా ఫోన్‌లో గేటు అలాగే కనిపించింది. మీకు తెలియని వరస ఏది ఉన్నా తీసేయండి. పక్కనే ఉండే యూపీఎన్‌పీ కూడా ఆపండి, అది ఇంట్లో ఏ పరికరం అడిగినా మనకు చెప్పకుండా ఇలాంటి దారులు తెరుస్తుంది. గేమ్‌లు ఆడే పిల్లలకు ఇబ్బందైతే అప్పుడు ఆలోచించొచ్చు. రిమోట్ మేనేజ్‌మెంట్‌లో వాన్ వైపు నుంచి వెబ్, టెల్‌నెట్ (కమాండ్లతో లోపలికి వెళ్ళే దారి) రెండూ ఆఫ్‌లో ఉండాలి.

మీ వాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీనాట్ వెనక, అంటే నెట్ కంపెనీ ఒకే బయటి అడ్రస్‌ని చాలా ఇళ్ళకి పంచే ఏర్పాటులో ఉన్నట్టు, పాత రకం అడ్రసులైన ఐపీవీ4లో బయటివాళ్ళు నేరుగా మీ రౌటర్ దాకా రాలేరు. దాన్ని నమ్ముకుని ఊరుకోకండి, కొత్త రకం అడ్రసులైన ఐపీవీ6 ఉంటే ఇంట్లో ప్రతి పరికరానికీ బయటికి కనిపించే అడ్రస్ వస్తుంది, అక్కడ ముఖ్యంగా కాపాడేది రౌటర్‌లో ఐపీవీ6 ఫైర్‌వాల్. అది ఆన్‌లో ఉందో లేదో చూడండి.

కెమెరా, స్మార్ట్ బల్బు, చవక ప్లగ్గులు ఇంటి వైఫై నుంచి విడిగా ఉండే గెస్ట్ నెట్‌వర్క్‌లోకి మార్చేయండి, వాటికి ఏదైనా అయినా ల్యాప్‌టాప్ దాకా రాకుండా ఉంటుంది. డీఎన్ఎస్ 9.9.9.9 పెడితే చెడ్డ సైట్లు కొన్ని అక్కడే ఆగిపోతాయి. ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఉంటే చేయండి గానీ గాలివాన రోజున వద్దు, మధ్యలో కరెంటు పోతే రౌటర్ మళ్ళీ లేవకపోవచ్చు.

అంతా అయ్యాక వైఫై ఆపి మొబైల్ డేటా మీద ఆ వాన్ ఐపీని బ్రౌజర్‌లో కొట్టి చూడండి, లాగిన్ పేజీ రాకూడదు. ఆ తర్వాత కలిసి ఉన్న పరికరాల జాబితా తెరిచి ఒక్కోటీ ఎవరిదో ఇంట్లోవాళ్ళని అడగండి. పాస్‌వర్డ్ మార్చకముందు పిన్ని ఇంట్లో పదకొండు ఉండేవి, మార్చాక ఇంట్లో అన్నీ మళ్ళీ కలిపినా తొమ్మిదే తేలాయి. అప్పుడు పిన్ని తనే కాగితం తెచ్చి కొత్త పాస్‌వర్డ్‌లు రెండూ రాయించుకుని, గ్యాస్ బుక్కులో మడిచి బీరువాలో పెట్టింది.