మ్యూజిక్ క్లినిక్‌కు పక్క బడి మాస్టారిని పిలవండి

బడిలో సంగీతం టీచరు దాదాపు ఎప్పుడూ ఒక్కరే ఉంటారు. లెక్కల వాళ్లు నలుగురు, తెలుగు వాళ్లు ముగ్గురు స్టాఫ్ రూమ్‌లో కూర్చుని పాఠం గురించి మాట్లాడుకుంటారు. పిల్లల గొంతులో రిషభం (రెండో స్వరం, రి) ఎందుకు నిలవడం లేదో అడగడానికి మనకు మాత్రం పక్కన మనిషి ఉండరు. విశాఖపట్నం గాజువాకలో పాఠం చెప్పే నాకు ఈ వెలితి బాగా తెలుసు. అందుకే చుట్టుపక్కల బడుల సంగీతం టీచర్లం కలిసి, ఒకరి పిల్లల పాట ఇంకొకరు విని ఎక్కడ తప్పుతోందో చెప్పుకునేలా, ఒక పూట మ్యూజిక్ క్లినిక్ పెట్టుకుంటున్నాం. మీరూ పెట్టుకోవచ్చు.

ముందు ఎవరిని పిలవాలో తేల్చుకోండి. పేరున్న విద్వాంసుల్ని పిలవాలనిపిస్తుంది. వాళ్ల పాట వినాలంటే పిల్లల్ని పిఠాపురం కాలనీలోని కళాభారతి ఆడిటోరియానికి తీసుకెళ్లండి. క్లినిక్‌కు కావలసింది క్లాసు నిండా ఉన్న పిల్లలతో రోజూ సరళీ వరుసలు (మొదట నేర్పే స్వర పాఠాలు) పాడించే మనిషి. మధురవాడ మాస్టారు పెందుర్తి పిల్లల్ని వినాలి, పెందుర్తి మేడమ్ భీమిలి పిల్లల్ని వినాలి. బయటివాళ్లు ఒకరు కావాలంటే విజయనగరం పక్కనే ఉంది. 1919లో ఆదిభట్ల నారాయణదాసు అధ్యక్షులుగా మొదలై, ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ నేర్పిన సంగీత కళాశాల అక్కడిదే. అక్కడ డిప్లొమా పూర్తి చేసి, పిల్లలకు చెప్పడం మొదలుపెట్టిన వాళ్లెవరైనా ఉంటే అడగండి. దారిఖర్చులు, భోజనంతో సరిపెట్టకుండా కవరులో డబ్బు పెట్టి ఇవ్వండి. సంగీతం వాళ్లను ఊరికే పిలిచే అలవాటును ముందు మనమే మానాలి.

రెండో శనివారం చాలా బడులకు సెలవు కాబట్టి క్లినిక్‌కు మామూలు శనివారం మధ్యాహ్నం ఇమ్మని బడిని అడగండి. యాన్యువల్ డే దగ్గరపడ్డాక వద్దు. ఆ టెన్షన్‌లో ఎవరూ ఏమీ వినరు. ప్రిన్సిపాల్ గారు స్టేజీ, బ్యానర్, ముఖ్య అతిథి అంటే మర్యాదగా వద్దని చెప్పండి. స్టేజీ ఎక్కిన పిల్లలు తప్పు దాచుకుంటారు, మనకు ఆ తప్పే వినబడాలి. ఒక పెద్ద గది, చాపలు, శ్రుతిపెట్టె చాలు.

ఒక్కో బడికి ఇరవై నిమిషాలివ్వండి. బాగా వచ్చిన కీర్తన కాకుండా ఎక్కడ ఆగిపోయారో అది పాడించమనండి. వచ్చిన టీచరు మొదట శ్రుతి, అంటే పాటకు ఆధారంగా పెట్టుకున్న స్థాయి, చూడాలి. ఎక్కువ ఇబ్బంది అక్కడే ఉంటుంది. మాస్టారు తనకు అలవాటైన ఒకటి శ్రుతిలో (హార్మోనియం మీద సి) పాడితే చిన్న పిల్లలు కింద గుర్రుమంటారు, లేదా పై స్థాయికి వెళ్లి అరుస్తారు. అయిదు (జి) దగ్గరకో, అయిదున్నరకో (జి షార్ప్) మార్చి చూడండి, గది మారినట్టు వినబడుతుంది. తర్వాత చూడవలసింది, మొదటి పాఠాలు చెప్పే మాయామాళవగౌళ రాగంలో శుద్ధ రిషభం, అంటే షడ్జానికి బాగా దగ్గరగా ఉండే రి. చెవిలో సినిమా పాటలు ఉండడం వల్ల పిల్లలు దాన్ని పైకి లాగేస్తారు. షడ్జం (స) నుంచి ఎక్కించే బదులు గాంధారం (గ) మీద నిలిపి, "గ రి స" అని కిందికి దింపండి. నా క్లాసులో అలా చేశాకే రిషభం నిలిచింది. ఒక్కో స్వరాన్ని రెండేసి సార్లు పాడే జంట వరుసల్లో రెండో స్వరం మీద నొక్కు పడుతోందో లేదో వినండి.

ఎనిమిది, తొమ్మిది తరగతుల అబ్బాయిల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. గొంతు మారే వయసు అది. "నువ్వు పాడకు, ఊరికే నిలబడు" అని చెప్పే టీచర్లున్నారు. ఆ మాట విన్న పిల్లవాడు మళ్లీ పాట జోలికి రాకపోవచ్చు. వాళ్లను విడిగా కూర్చోబెట్టి, శ్రుతి దించి, నాలుగైదు స్వరాల్లోపు పాడించండి. అదీ కష్టమైన రోజున తాళం, కొన్నకోలు (నోటితో మృదంగం జతులు చెప్పడం) అప్పగించండి. రెండిటిలో ఏదైనా సరే, వాడు గుంపులోనే ఉండాలి.

పిల్లలు వెళ్లాక టీచర్లకు ఒక గంట ఉంచుకోండి. క్లినిక్‌లో అసలు విలువైన గంట ఇదే. ఒకే నియమం పెట్టుకోండి: విన్నదే చెప్పాలి, మనిషి గురించి చెప్పకూడదు. "మేడమ్, మూడో కాలంలో పిల్లలు తాళం వదిలేస్తున్నారు" (అంటే వరుసను బాగా వేగంగా పాడేటప్పుడు) అని చెబితే ఆమె రేపే సరిచేసుకోగలదు. "మీకు లయ తక్కువ" అంటే మళ్లీ రాదు. పిల్లల ముందు ఒక టీచరు ఇంకో టీచరును సరిచేయకూడదు, వయసులో ఎంత పెద్దవాళ్లయినా సరే.

ఆ గంటలో మన గొంతుల గురించీ మాట్లాడుకోండి. వరుసగా ఆరు పీరియడ్లు ఫ్యాన్ల చప్పుడు మీద పాడితే ఏ గొంతూ నిలవదు. ఒక వరుస మీరు పాడితే తర్వాతిది క్లాసులో గట్టి గొంతున్న పాపతో పాడించండి. బొంగురు మూడు వారాలైనా తగ్గకపోతే కషాయాలతో కాలక్షేపం చేయకుండా ఇ.ఎన్.టి. డాక్టరుకు చూపించుకోండి. వాద్యాల సంగతి కూడా అప్పుడే చూసుకోవచ్చు. మన సముద్రపు గాలికి వయొలిన్ స్టీలు తీగలు తుప్పు పడతాయి, వాయించాక పొడిగుడ్డతో తుడవాలి. వానాకాలం మృదంగం చర్మం వదులై శ్రుతి దిగుతుంది. బాగుచేసే మనిషిని ఒక్కరమే పిలిపించుకోవడం కంటే నాలుగు బడులు కలిసి ఒకే రోజు పిలిపిస్తే ఖర్చు పంచుకోవచ్చు.

వెళ్లేముందు ప్రతి టీచరూ సరిచేసుకోవలసిన ఒక్క విషయం కాగితం మీద రాసుకోవాలి. రెండు వారాలు పోయాక క్లాసులో అర నిమిషం రికార్డు చేసి, ఆ రోజు తన పిల్లల్ని విన్న టీచరుకు వాట్సాప్‌లో పంపాలి. వీడియో వద్దు, పిల్లల ముఖాలు బయటికి వెళ్లకుండా ఆడియో మాత్రమే. విన్నవాళ్లు ఆ వారంలోనే జవాబివ్వాలి.