టైమర్ నొక్కక ముందే: విమాన మెకానిక్ పోటీలకు వెళ్లేవాళ్లకు జాగ్రత్తలు

బెంగళూరులో విమాన మెకానిక్ పోటీ ఏదైనా ప్రకటిస్తే, యలహంక, జక్కూరు వైపు పీజీల్లో ఉండి చదువుకునే మన తెలుగు పిల్లల మొదటి ప్రశ్న ఒకటే: "అన్నా, ఎంత టైమ్ ఇస్తారు?" అడగడంలో తప్పు లేదు. అమెరికాలో జరిగే ఏరోస్పేస్ మెయింటెనెన్స్ కాంపిటిషన్‌లో ఐదుగురి జట్టుకు ఒక్కో పనికి 15 నిమిషాలే. 2024లో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో జరిగిన వరల్డ్‌స్కిల్స్‌లోనూ విమాన మెయింటెనెన్స్ ఒక విభాగం. అక్కడా గడియారంతోనే పని. కానీ చెయ్యి తెగేదీ, మార్కులు పోయేదీ ఎక్కువగా ఆ గడియారం వైపు చూస్తున్నప్పుడే. అందుకే వేగం కోసం ప్రాక్టీసు చెయ్యకండి. ఒకే వరుసలో, ఒకే పద్ధతిలో మళ్లీ మళ్లీ చేస్తుంటే వేగం దానంతటదే వస్తుంది. హడావిడికి అలవాటు పడిన చెయ్యి రేపు హ్యాంగర్‌లో నిజం విమానం మీద కూడా అలాగే పోతుంది. నాకు అసలు భయం అదే.

అన్నిటికంటే ఎక్కువ రక్తం కళ్లజూసేది లాక్‌వైర్, అంటే బోల్టు వదులవకుండా దాని తల రంధ్రంలోంచి దూర్చి మెలిపెట్టి కట్టే తీగ. కత్తిరించిన కొస ఎటు ఎగురుతుందో తెలియదు. ఆ కొసను రెండో చేత్తో పట్టుకుని, నేల వైపు తిప్పి కత్తిరించండి. పవర్ కళ్లద్దాలు ఉన్నాయి కదా చాలులే అనుకోవద్దు, పక్కనుంచి వచ్చే ముక్కను అవి ఆపవు. వాటి మీదనే సేఫ్టీ గాగుల్స్ పెట్టుకోండి. మామూలుగా వాడే 0.032 అంగుళాల తీగకు అంగుళానికి 6 నుంచి 8 మెలికలు ఉండాలి. అంతకు మించి తిప్పితే తీగ గట్టిపడి విరుగుతుంది. తీగ లాగు బోల్టును బిగించే వైపే ఉండాలి. ఎంత అందంగా అల్లినా, లాగు వదులయ్యే వైపు ఉంటే ఆ పనికి సున్నా. బోల్టు తల రంధ్రం సరైన చోటికి రాలేదని చెప్పిన టార్క్ (బిగింపు బలం) దాటించి బిగించకండి, వెనక్కి వదులు చెయ్యకండి. వాషరో బోల్టో మార్చి చూడండి. చివర తోకను పావు నుంచి అర అంగుళం ఉంచి లోపలికి వంచాలి. అలా వదిలేస్తే తర్వాత అక్కడ చెయ్యి పెట్టేవాడి అరచెయ్యి చీరుకుపోతుంది. జడ్జీలు ముందు వేలితో తడిమి చూసేది ఆ తోకనే.

రేకులను కలిపి బిగించే రివెట్ దగ్గర ఇద్దరు ఉంటారు, దాన్ని కొట్టే గన్ పట్టేవాడు ఒకడు, వెనక బకింగ్ బార్ (రివెట్‌కు ఆనించే ఇనుప దిమ్మ) పట్టేవాడు ఒకడు. ఆ మోతలో మాట వినపడదు. ఇక్కడి జట్లలో ఒకరు తెలుగు, ఒకరు కన్నడ, మరొకరు మలయాళం కాబట్టి ఎలాగూ సగం సైగలే! పాత షాపుల్లో వాడే తట్టు సంకేతాలు ముందే నేర్చుకోండి: రేకు మీద ఒక్కసారి తడితే ఇంకా కొట్టు, రెండుసార్లు తడితే బాగుంది, మూడుసార్లు తడితే రివెట్ పాడైంది, తీసెయ్యాలి. బార్ సరిగ్గా ఆనించాడని తెలియకుండా ట్రిగ్గర్ నొక్కకండి. రివెట్ తల మీద కొట్టే సెట్‌ను పట్టి ఉంచే స్ప్రింగ్ లేని గన్‌ను చేతిలోకే తీసుకోకండి, నొక్కగానే ఆ ఇనుప ముక్క ఎదుటివాడి మీదికి దూసుకుపోతుంది. చెవులకు రక్షణ ఇద్దరికీ కావాలి. అర్ధపావు అంగుళం రివెట్‌కు 30 నంబరు డ్రిల్. వెనక తయారయ్యే తల వెడల్పు రివెట్ వ్యాసానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు సగం. డ్రిల్ చేశాక రేకు అంచుల మీద మిగిలిన గరుకును ఒట్టి వేలితో చూడకండి.

టార్క్ రెంచ్ (పెట్టిన బలం రాగానే క్లిక్‌మనే రెంచ్) చేతికి ఇవ్వగానే కాలిబ్రేషన్ స్టిక్కర్ మీద, అంటే కొలత సరిచూసినట్టు అంటించిన చీటీ మీద తేదీ చూడండి. గడువు దాటిన రెంచ్‌ను కావాలనే బల్ల మీద పెట్టే జడ్జీలూ ఉంటారు. తర్వాత యూనిట్ చూడండి. అంగుళం-పౌండుకూ అడుగు-పౌండుకూ 12 రెట్లు తేడా, ఆ తేడాకు చిన్న బోల్టు తెగిపోతుంది. రెంచ్‌కు ముందు ఎక్స్‌టెన్షన్ నేరుగా పెడితే లెక్క మారుతుంది. 10 అంగుళాల రెంచ్‌కు 2 అంగుళాల ఎక్స్‌టెన్షన్ తగిలిస్తే, బోల్టుకు 120 కావాలంటే రెంచ్ మీద 100 పెట్టాలి. అదే ఎక్స్‌టెన్షన్‌ను 90 డిగ్రీల్లో పెడితే ఈ లెక్క అవసరం లేదు. ఒక్క క్లిక్ రాగానే ఆపండి. నమ్మకం కోసం రెండో క్లిక్ కొట్టే అలవాటు చాలామందికి ఉంది, మానుకోండి.

సామాన్ల ట్రేలో దాదాపు ఒకేలా కనిపించే బోల్టులు పెడతారు. కంటితో పోల్చి తీసుకోకండి, పార్ట్ నంబరు చదవండి. 1990 జూన్ 10న బర్మింగ్‌హామ్ నుంచి బయలుదేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390 విమానం 17,300 అడుగుల ఎత్తుకు వెళ్లేసరికి కాక్‌పిట్ ముందు అద్దం ఊడిపోయి, కెప్టెన్ సగం బయటికి లాగబడ్డాడు. బతికాడు. ఆ అద్దానికి బిగించిన 90 బోల్టుల్లో 84 ఉండాల్సిన దానికంటే సన్నవి. పాత బోల్టు పక్కన పెట్టి కంటితో చూసి ఎంచినవి. అక్కడ పని చేసినాయన అనుభవం లేనివాడేం కాదు, షిఫ్ట్ మేనేజరు.

బోర్‌స్కోప్ (ఇంజిన్ లోపలికి దూర్చి చూసే కెమెరా గొట్టం) బల్ల దగ్గర ఒక్క మాట: గొట్టం చివర వంచి ఉండగా బయటికి లాగకండి, అది లోపల ఉండగా ఎవరూ ఇంజిన్‌లో తిరిగే రోటర్‌ను తిప్పకూడదు. కరెంటు పనిలో ఓమ్స్ (రెసిస్టెన్స్) కొలిచే ముందు పవర్ ఆపండి. ఫిబ్రవరి, మార్చిల్లో బెంగళూరు గాలి పొడిగా ఉంటుంది, ఒంట్లో స్టాటిక్ ఎక్కువ చేరుతుంది. కాబట్టి సర్క్యూట్ కార్డు ముట్టే ముందు మణికట్టు పట్టీ తప్పదు. ఉంగరం, వాచీ, కడియం, చేతికి కట్టిన తిరుపతి దారం తీసెయ్యండి. దారం తీయడానికి మనసొప్పకపోతే బనియన్ లోపల మెడకు వేసుకోండి. విమాన బ్యాటరీ టెర్మినల్ మీద ఉంగరం షార్ట్ అయితే వేలు కాలేది క్షణంలోనే.

సీలెంట్ (అతుకులు మూసే జిగురు), కాంపోజిట్ (కార్బన్ పోగుల రేకుల) పనుల్లో మన అలవాట్లే మనకు అడ్డం. శుభ్రం చేసిన చోట తలకు రాసుకున్న నూనె చెయ్యి తగిలితే సీలెంట్ అంటుకోదు. అసిటోన్, ఎంఈకే లాంటి సాల్వెంట్లకు మామూలు నైట్రైల్ గ్లవుజులు ఎక్కువసేపు ఆగవు, బ్యూటైల్ రబ్బరు గ్లవుజులు అడగండి. కార్బన్ రేకును రుద్దితే లేచే పొడి ఊపిరితిత్తులకు చెడ్డది, పైగా కరెంటును మోస్తుంది. మాస్క్ పెట్టుకుని, వాక్యూమ్ ఆన్ చేసి రుద్దండి, కరెంటు కొలిచే మీ మల్టీమీటర్‌ను దూరంగా పెట్టండి.

టైమ్ అయిపోతుందని చివరి రెండు నిమిషాల్లో చేసే పనులే టూల్స్‌ను లోపల మరచిపోయేలా చేస్తాయి. మొదట్లో టూల్స్ లెక్క రాసుకోండి, చివర మళ్లీ లెక్కపెట్టండి. ఒకటి తక్కువైతే చెయ్యి ఎత్తి జడ్జీకి చెప్పండి. దాచిపెట్టినవాడికంటే చెప్పినవాడికే తక్కువ నష్టం.

చెన్నైలో పోటీ అయితే, విమానంలో వెళ్లేవాళ్లు ప్లయర్స్, రెంచ్‌లు చెక్ ఇన్ బ్యాగులో పెట్టండి, కార్డ్‌లెస్ డ్రిల్ విడి లిథియం బ్యాటరీలను మాత్రం చేతి బ్యాగులో ఉంచండి. ఇది తారుమారు చేసి కౌంటర్ దగ్గర పెట్టె విప్పుతూ నిలబడే విమాన మెకానిక్కులు లేకపోలేదు. రైల్లో వెళ్తే ఈ తలనొప్పి లేదు, టార్క్ రెంచ్‌ను కనిష్ఠ సెట్టింగ్‌కు తిప్పి దాని పెట్టెలోనే పెట్టి సర్దుకుంటే సరిపోతుంది.