పోర్చుగీసులో భవిష్యత్తు: ఎక్కడ తేడా కొడుతోంది, ఎలా సరిచేసుకోవాలి

ముందే ఒక మాట. పోర్చుగీసు పదాలన్నీ తెలుగు లిపిలోనే రాస్తున్నాను, ముక్కుతో పలికే చోట అరసున్న పెట్టాను. బ్రెజిల్‌లో ‘ది’, ‘తి’ అన్నవి చాలాచోట్ల ‘జి’, ‘చి’లా వినిపిస్తాయి కాబట్టి వీడియోల్లో వినేదానికీ ఇక్కడ చదివేదానికీ కొంచెం తేడా ఉంటుంది, కంగారుపడకండి.

సమస్య: గ్రామర్ కరెక్టే, కానీ నోరు తెరిస్తే వార్తలు చదువుతున్నట్టుంది

‘మాట్లాడతాను’ అనడానికి ‘ఫలరేయ్’ అంటున్నారు కదా, కారణం అదే. పుస్తకంలో మొదట కనిపించే టేబుల్ అది: డిక్షనరీలో ఉండే రూపం ‘ఫలార్’ తీసుకుని దాని చివర ఏయ్, ఆస్, ఆ, ఏముస్, ఆఁవ్ తగిలించడం. తప్పేమీ లేదు గానీ ఈ రూపం ఎక్కువగా పేపర్లలో, చట్టాల్లో, ఆఫీసు ఉత్తరాల్లో బతుకుతుంది. రోజువారీ మాటల్లో ‘వెళ్ళు’ అనే క్రియని ముందు పెట్టి పని కానిచ్చేస్తారు: ఎవు వో ఫలార్ (నేను), ఏలి వాయ్ ఫలార్ (అతను), నోస్ వాముస్ ఫలార్ (మేము), ఏలిస్ వాఁవ్ ఫలార్ (వాళ్ళు). అంతే, రెండో పదాన్ని అస్సలు కదపక్కర్లేదు.

ముందు స్పానిష్ నేర్చుకుని ఇటు వచ్చినవాళ్ళు మధ్యలో ఒక ‘అ’ ఇరికిస్తారు, పోర్చుగీసులో అది ఉండదు. ‘వెళ్తాను’ అనడానికి ‘వో ఇర్’ అనడం బ్రెజిల్‌లో వినిపిస్తుంది గానీ ఒక్క ‘వో’ సరిపోతుంది, రాసేటప్పుడు అదే మేలు. పక్కన ‘రేపు’ లాంటి మాట ఉంటే మామూలు వర్తమానమే చాలు: ‘అమన్యాఁ ఎవు తి లీగు’, రేపు ఫోన్ చేస్తా.

టేబుల్ మాత్రం పూర్తిగా వదిలేయొద్దు, చదివేటప్పుడు అడుగడుగునా తగులుతుంది. ఊరటేంటంటే అందులో దారి తప్పేవి మూడే మూడు క్రియలు: దిజేర్ (చెప్పు), ఫజేర్ (చెయ్యి), త్రజేర్ (తీసుకురా) అనేవి దిరేయ్, ఫరేయ్, త్రరేయ్ అవుతాయి, వాటి నుంచి పుట్టినవీ అదే దారిలో పోతాయి. ‘ఫజెరేయ్’ అని ఎక్కడా లేదు.

సమస్య: మాంసం తినను అని చెప్పినా మర్నాడు మళ్ళీ వడ్డిస్తున్నారు

ఇది అచ్చంగా మన తెలుగువాళ్ళ సమస్య. ‘తినను’ అంటే మనకి ఇప్పుడు తినను, ఎప్పుడూ తినను, రెండూ. ‘తాగుతాను’, ‘వెళ్తాను’ కూడా అంతే, అలవాటుకీ రేపటికీ ఒకే రూపం. అందుకే బుర్రలో ‘తినను’ అనుకోగానే నోట్లోంచి ‘నాఁవ్ వో కోమేర్ కార్ని’ వచ్చేస్తుంది. ఎదుటివాళ్ళకి అది ఈ పూటకి వద్దన్నట్టు అర్థమవుతుంది, పాపం వాళ్ళ తప్పేముంది. అలవాటు చెప్పాలంటే వర్తమానం వాడాలి: ‘ఎవు నాఁవ్ కోము కార్ని’. మీ తెలుగు వాక్యంలో ‘రోజూ’ గానీ ‘ఎప్పుడూ’ గానీ ఇమిడితే ‘వో’ తీసేయండి.

సమస్య: ‘సి’ (అయితే), ‘క్వాందు’ (అప్పుడు, ఎప్పుడు) వచ్చిన ప్రతి వాక్యాన్నీ దిద్దుతున్నారు

అసలు కష్టం ఇక్కడుంది, టేబుల్ బట్టీ పట్టే టైమంతా దీనికి పెట్టినా నష్టం లేదు. ‘టైముంటే వస్తాను’ అనడానికి మీరు ‘సి ఎవు తేన్యు తెంపు’ అన్నారు, వాళ్ళు ‘తివేర్’ అని సరిచేశారు. ఎందుకంటే ఇంకా జరగని విషయం మీద ఆధారపడి మాట్లాడినప్పుడు పోర్చుగీసులో వేరే భవిష్యత్ రూపం ఒకటి ఉంది. స్పానిష్‌లో ఇది దాదాపు చచ్చిపోయింది, ఇక్కడ మాత్రం పిల్లలు కూడా వాడతారు.

తయారీ ఇలా: ‘వాళ్ళు ఆ పని చేశారు’ అనే భూతకాల రూపం తీసుకుని చివరి ‘అఁవ్’ కోసేయండి. ఫిజేరఁవ్ (చేశారు) నుంచి ఫిజేర్, తివేరఁవ్ (వాళ్ళకి ఉంది) నుంచి తివేర్, పుదేరఁవ్ (చేయగలిగారు) నుంచి పుదేర్, కిజేరఁవ్ (కావాలనుకున్నారు) నుంచి కిజేర్, ఫోరఁవ్ నుంచి ఫోర్. ‘ఫోర్’ అటు ‘వెళ్ళు’కీ ఇటు ‘ఉండు’ అనే ‘సేర్’కీ ఒకటే, ఎందుకంటే వాటి భూతకాలమే ఒకటి. బహువచనంలో ‘మేము’కి ముస్, ‘వాళ్ళు’కి ఎఁయ్ తగిలించాలి.

మరి ఇంత తేలికైనప్పుడు అందరూ ఎందుకు పడతారంటే, మామూలు క్రియల్లో ఈ కోత తర్వాత మిగిలేది డిక్షనరీ రూపంలాగే కనిపిస్తుంది. ‘క్వాందు వొసే షెగార్, మి లీగ’ (చేరాక ఫోన్ చెయ్యి) అన్న వాక్యంలో ‘షెగార్’ చూసి, ఓహో డిక్షనరీ రూపం పెడితే చాలన్నమాట అనుకుని, ‘నేను చేస్తే’ అనడానికి ‘సి ఎవు ఫజేర్’ అనేస్తాం. ‘ఫిజేర్’ అనాలి.

పట్టుకోవడానికి ఒక కొండగుర్తు: మీ తెలుగు వాక్యంలో రేపటి గురించిన ‘వస్తే’, ‘వచ్చినప్పుడు’, ‘రాగానే’, ‘కావాలన్నవాళ్ళు’ లాంటివి ఉంటే ఈ రూపమే. ‘ఎప్పుడు వస్తావు?’ అని ప్రశ్న అడుగుతుంటే మాత్రం కాదు, అక్కడ ‘క్వాందు వొసే వాయ్ షెగార్?’ అనే మామూలు భవిష్యత్తే. ‘కాజు’తో మొదలయ్యే ‘ఒకవేళ’ వాక్యాలు కూడా దీని కిందకి రావు, వాటిది వేరే దారి: ‘కాజు ఎవు తేన్య తెంపు’ (ఒకవేళ నాకు టైముంటే).

ఒక గమ్మత్తు చూడండి. ‘చూడు’ అనే ‘వేర్’కి ఈ రూపం ‘వీర్’, ‘రా’ అనే ‘వీర్’కి ‘వియేర్’. చాలామంది బ్రెజిలియన్లే ‘సి ఎవు వేర్’ అనేస్తుంటారు, కాబట్టి ఇక్కడ తప్పితే మరీ టెన్షన్ పడక్కర్లేదు, పరీక్షలో తప్ప.

సమస్య: మాట్లాడారా, మాట్లాడతారా తెలియట్లేదు

‘ఫలారఁవ్’ అంటే మాట్లాడారు, ‘ఫలరాఁవ్’ అంటే మాట్లాడతారు. చివరి శబ్దం ఒకటే, ఒత్తు పడే చోటు వేరు. తెలుగు లిపిలో దీర్ఘం పెట్టి రాసుకుంటే తేడా ఇట్టే తెలుస్తుంది.

సమస్య: ఇప్పటి సంగతికి భవిష్యత్తు వాడుతున్నారేంటి?

ఊహిస్తున్నారు. ఇందులో మనవాళ్ళకి పెద్దగా శ్రమ ఉండదు: ‘అతనికి ముప్పై ఏళ్ళుంటాయి’ అంటాం కదా, ‘ఏలి తెరా ఉన్స్ త్రీంత ఆనుస్’ అచ్చం అదే. ‘టైమెంతయి ఉంటుంది?’ అంటే ‘కి ఓరస్ సెరాఁవ్?’ అన్నమాట. ‘వాన పడుతుందంటావా?’ అనడానికి ‘సెరా కి వాయ్ షొవేర్?’ అంటారు, ఈ ‘సెరా కి’ మాటల్లో విరివిగా దొర్లుతుంది. అంటే పాత టేబుల్ రూపం మాటల్లో చచ్చిపోలేదు, ఊహల్లోకి మకాం మార్చింది.

సమస్య: క్రియ మధ్యలో గీతలు పెట్టి ఇంకో పదం దూర్చారు

‘దిర్-తి-ఏయ్’, నీకు చెబుతాను. టేబుల్ రూపం వెనక ‘తి’ (నీకు), ‘మి’ (నాకు) లాంటివి నేరుగా తగిలించకూడదు, అందుకని మధ్యలో పెడతారు. పోర్చుగల్‌లో జాగ్రత్తగా రాసే రాతల్లో కనిపిస్తుంది, చదివి గుర్తుపడితే చాలు. మాట్లాడేటప్పుడు బ్రెజిల్‌లో ‘వో తి దిజేర్’, పోర్చుగల్‌లో ‘వో దిజేర్-తి’ అనేస్తే గొడవ లేదు.