ఎదకొచ్చిన కుక్క తిండి మానేసినా, తెగ తింటున్నా: రోజులు లెక్కపెట్టి చేసే ఇంటి వైద్యం

'చిత్తకార్తె కుక్కలు' అన్న మాట ఊరికే పుట్టలేదు. అక్టోబరు 10 దాటాక, విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం సందడికి కాస్త అటూ ఇటూగా, వీధికుక్కలు చాలావరకు ఎదకొస్తాయి. ఇంట్లో పెంచుకునే లాబ్రడార్, పొమేరియన్ లాంటివాటికి కార్తెలతో పనిలేదు. ఆరేడు నెలలకోసారి, ఏ నెలలోనైనా వస్తాయి. పేచీ మాత్రం రెండింటిదీ ఒకటే. ఎద మొదలైంది మొదలు దగ్గరదగ్గర మూడు నెలలు తిండి ఒక తీరున ఉండదు. ఒక వారం పళ్లెం ముట్టదు. ఇంకో వారం పళ్లెం నాకేసి మళ్లీ వంటింటి గుమ్మంలో కూర్చుంటుంది.

దీనికి ఇంట్లో చేయగలిగింది చాలానే ఉంది. కాకపోతే ఎప్పుడు ఏం పెట్టాలో రోజుల లెక్క చూసే తేల్చుకోవాలి. ఎద మొదలైన 12వ రోజున తిండి మానితే కంగారు లేదు. 45వ రోజున మానితే ప్రాణం మీదికి వచ్చి ఉండొచ్చు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

1. మొదటి చుక్క కనిపించిన రోజు రాసుకోండి

కుక్క తనను తానే నాక్కుని శుభ్రం చేసుకుంటుంది కాబట్టి రక్తం చాలామంది కంటపడదు. అనుమానం వస్తే రాత్రి పడుకునేచోట పాత తెల్ల పంచె ముక్క పరవండి, పొద్దున్నకి తెలిసిపోతుంది. ఆ తేదీని గోడ క్యాలెండరు మీద రాసి, ఆ రోజే బరువు కూడా తూచండి. కుక్కని ఎత్తుకుని మెషీన్ ఎక్కి, తర్వాత మీ బరువు తీసేస్తే సరి.

సుమారుగా లెక్క ఇలా ఉంటుంది. మొదటి 9 రోజులు రక్తం పోతుంది, మగకుక్కల్ని దగ్గరికి రానివ్వదు. తర్వాతి 9 రోజులు స్రావం పలచబడి గడ్డినీళ్ల రంగుకి తిరుగుతుంది, తోక పక్కకి తిప్పుతుంది. ఈ రెండు దశల్లో ఒక్కొక్కటి 3 రోజులకే ముగియొచ్చు, 21 రోజులూ సాగొచ్చు. ఆ తర్వాత రెండు నెలలపాటు, చూలు నిలిచినా నిలవకపోయినా, ఒంట్లో ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ పెరిగే ఉంటుంది. ఆకలి పెరిగేది దానివల్లే.

2. మొదటి మూడు వారాలు: తినకపోతే

ఈ రోజుల్లో పెరిగే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఆకలిని చంపుతుంది. మనం చేయాల్సింది వాసన పెంచడం. కుక్క నాలుకతో కంటే ముక్కుతోనే ఎక్కువ తింటుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన అన్నం ముట్టని కుక్క, అదే అన్నం గోరువెచ్చగా చేసి పెడితే తినేస్తుంది. మీ మణికట్టు లోపలివైపు ఒక చుక్క వేసుకుంటే వేడీ చల్లనా తెలియకూడదు, అంతే వెచ్చదనం.

కోడి రసం: ఎముకతో ఉన్న పావుకిలో కోడిమాంసం, లీటరు నీళ్లు, చిటికెడు పసుపు. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి ఏవీ వద్దు. సన్నని సెగ మీద 40 నిమిషాలు ఉడికించి వడకట్టండి. మాంసం వలిచి ఉంచుకుని, ఎముకలు కుక్కకి అందని చోట పారేయండి. ఉడికిన ఎముక సూదుల్లా చీలి పేగులో గుచ్చుకుంటుంది. చల్లారాక పైన తేలిన కొవ్వు తీసేయండి. పది కిలోల కుక్కకి పూటకి అర టీ గ్లాసు రసం అన్నం మీద పోస్తే చాలు. ఫ్రిజ్‌లో 3 రోజులు ఉంటుంది.

పళ్లెం పెట్టాక 20 నిమిషాలు చూసి, తినకపోతే తీసేయండి. రోజంతా ఉంచితే తీర ప్రాంతపు ఉక్కకి పులిసిపోతుంది, కుక్కకీ ఆ పళ్లెం మీద ఏవగింపు పుడుతుంది. నోరు తెరిచి కుక్కడం, సిరంజితో గంజి పట్టించడం వద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతే ఆకలి కంటే పెద్ద జబ్బు తెచ్చిపెట్టినట్టే. తినట్లేదని గరిటెడు నెయ్యి పోసేవాళ్లూ ఉన్నారు. అంత కొవ్వు ఒక్కసారి పడితే క్లోమం వాచి వాంతులు పట్టుకోవచ్చు. పది కిలోల కుక్కకి చిన్న చెంచా దాటనివ్వకండి.

3. చోడి (రాగి) అంబలి, ఉల్లిపాయ లేకుండా

శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లలో సిద్ధంగా ఉండేది, అరగడానికి తేలికైనదీ చోడి అంబలే. రెండు పెద్ద చెంచాల చోడి పిండిని పావు గ్లాసు చల్లనీళ్లలో ఉండలు లేకుండా కలపండి. 300 మిల్లీలీటర్ల నీళ్లు మరిగాక అందులో పోసి, అడుగంటకుండా 7, 8 నిమిషాలు తిప్పండి. గరిటె వెనక వేలితో గీస్తే గీత నిలవాలి. చల్లారాక మూడు చెంచాల పుల్లగాలేని పెరుగు కలిపి, పది కిలోల కుక్కకి ఇందులో సగం ఒక పూటకి పెట్టండి. మొదటిసారైతే పావువంతే. విరేచనం మామూలుగా ఉంటే మర్నాడు పెంచొచ్చు.

చాలా ఇళ్లలో తప్పు జరిగేది ఇక్కడే. మనం ఉల్లిపాయ నంజుకుంటూ అంబలి తాగుతాం. గిన్నెలో మిగిలిందాన్ని, ఉల్లి ముక్కలతో సహా, పెరట్లో కుక్కకి పోసేస్తాం. ఉల్లి కుక్క ఎర్ర రక్తకణాల్ని పగలగొడుతుంది. కుక్క బరువులో అర శాతం ఉల్లి, అంటే పది కిలోల కుక్కకి 50 గ్రాములు, ఒక చిన్న ఉల్లిపాయ, హాని చేయడానికి సరిపోతుంది. రోజూ కాస్తకాస్త పడినా ప్రమాదమే. ఉడికించినా విషం పోదు. వెల్లుల్లి ఇంకా ఘాటు. కుక్క అంబలి వేరే గిన్నెలో తీసి పెట్టాకే మన గిన్నెలో ఉల్లి పడాలి.

4. ఎద ముగిశాక: తెగ తింటుంటే

ఇప్పుడు జాలిపడి అన్నం పెంచకండి. పది కిలోల కుక్క రోజుకి సుమారు 250 గ్రాముల ఉడికిన అన్నం, 150 గ్రాముల ఎముకలేని ఉడికిన మాంసం, ఒక గుడ్డు తింటోందనుకుందాం. మాంసం, గుడ్డు అలాగే ఉంచండి. అన్నం 180 గ్రాములకి దించి, 120 గ్రాముల ఉడికిన ఆనపకాయో, గింజలూ తొక్కా తీసిన గుమ్మడికాయో కలపండి. కడుపు నిండుతుంది, ఒళ్లు రాదు. మొత్తాన్ని మూడు పూటలుగా పెట్టండి.

ఆనపకాయ కోసినప్పుడు ఒక పచ్చి ముక్క నాలిక్కి తాకించి చూసి ఉమ్మేయండి. చేదుగా ఉంటే కాయ మొత్తం పారేయండి, ఉడికించినా ఆ చేదు విషం పోదు. చేపలు దొరికే ఊళ్లలో తాజా చేప ఉడికించి, ముళ్లు ఏరి, మాంసానికి బదులు పెట్టొచ్చు. ఎండు నెత్తళ్ల వాసనకి కుక్క ఎగబడుతుంది కానీ వాటి నిండా ఉప్పే, ఈ రోజుల్లో దాహాన్ని పెంచి మన లెక్క చెడగొడతాయి. ఆ లెక్కేమిటో కింద ఉంది.

5. రోజూ తాగే నీళ్లు కొలవండి

30వ రోజు నుంచి 80వ రోజు వరకు ఈ పని మానొద్దు. ఈ రోజుల్లోనే గర్భసంచిలో చీము పట్టే జబ్బు ఎక్కువగా వస్తుంది. దీన్ని పయోమెట్రా అంటారు. చిత్తకార్తెలో ఎదకొచ్చిన కుక్కకి ఇది కార్తీకం, మార్గశిరం రోజుల్లో పడుతుంది. అప్పటికి ఎద సంగతి ఇంట్లో అందరూ మరిచిపోయి ఉంటారు.

పొద్దున్న లీటరు సీసాతో కొలిచి గిన్నె నింపండి, మళ్లీ నింపితే గోడ మీద గీత పెట్టండి. మర్నాడు అదే వేళకి మిగిలింది తీసేయండి. కోడి రసం, అంబలి కూడా ఈ లెక్కలోకే వస్తాయి. కిలో బరువుకి రోజుకి 50, 60 మిల్లీలీటర్లు మామూలు. 100 దాటితే, అంటే పది కిలోల కుక్క లీటరు మించి తాగుతుంటే, అనుమానించాలి. తిండి మానేసి నీళ్లు మాత్రం తెగ తాగడం, వాంతులు, నీరసం, కింద చీము, లేదా చీము లేకుండా కడుపు ఉబ్బడం కనబడితే ఇక ఇంటి వైద్యం అక్కడితో ఆపేయండి. చీము బయటికి రానిది మరీ ప్రమాదం, లోపలే పగలొచ్చు. ఆ రోజే స్కానింగ్, ఆపరేషన్ సదుపాయం ఉన్న చోటికి తీసుకెళ్లాలి. విజయనగరం వైపు వాళ్లకి గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. ముందు ఫోన్ చేసి సర్జన్ ఉన్నారో లేదో కనుక్కుని బయల్దేరండి.

పై లక్షణాలేవీ లేకపోయినా, పెద్ద కుక్క రెండు రోజులు, పిల్ల ఒక రోజు ఏమీ తినకపోతే చూపించాల్సిందే. ఒంటి వేడి 102.5 ఫారెన్‌హీట్ దాటినా, చిగుళ్లు పాలిపోయినా అంతే. చెవుల వెనక, వేళ్ల సందుల్లో పిడుదులు వెతకండి. పిడుదుల జ్వరానికీ మొదట పోయేది ఆకలే, పాపం ఎద మీదికి తోసేస్తాం.

6. ఉత్తుత్తి చూలు

60 నుంచి 80 రోజుల మధ్య కొన్ని కుక్కలు చూలు కట్టకపోయినా కట్టినట్టే ఉంటాయి. పాత చెప్పునో, బొమ్మనో పిల్లలా కాపలా కాస్తాయి, మంచం కింద గుడ్డలు కుప్ప వేస్తాయి, పాలు కూడా దిగుతాయి, తిండి మానేస్తాయి. రెండు మూడు వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. పొదుగు పిండకండి, కాపడం పెట్టకండి. ముట్టుకున్నకొద్దీ పాలు పడతాయి. మెంతులు, పిల్లిపీచర (శతావరి) గడ్డ పాలు పడటానికి వాడేవి, వాటినీ దూరం పెట్టండి. ఆ బొమ్మని కుక్క చూడనప్పుడు తీసేసి, తిండి వేళకి ముందు అరగంట నడిపించండి. పొదుగు గట్టిపడి, ఎర్రబడి, వేడిగా ఉంటే డాక్టరు పని. మగకుక్క దగ్గరికి వచ్చిందేమో అన్న అనుమానం ఉంటే, జతకట్టిన నెల తర్వాత స్కానింగ్‌లో తేలిపోతుంది.

మగకుక్క తినకపోతే

వీధిలో ఎక్కడో ఆడకుక్క ఎదకొచ్చి ఉండొచ్చు. ఆ రెండు మూడు వారాలు ఇంట్లో కట్టేసి, జనం లేని దారిన నడిపించి, వెచ్చని కోడి రసం అన్నం పెడితే గట్టెక్కుతుంది.

ఇవి మాత్రం వద్దు

ఒళ్లు నొప్పులనుకుని పారాసిటమాల్, ఐబూప్రోఫెన్ వేయకండి. కిస్‌మిస్, చాక్లెట్ కూడా వద్దు. ఉద్దానం వైపు మార్చి, మేలో పచ్చి జీడిగింజలు కొరక్కుండా చూడండి. పెంకులోని నూనెకి నోరు పొక్కుతుంది, అదీ తిండి మానడమే అనిపిస్తుంది.

ఎద రాకుండా హార్మోన్ ఇంజెక్షన్ వేయించమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. ప్రొజెస్టెరాన్ రకం మందులు ఆకలినీ పెంచుతాయి, చీము పట్టే ప్రమాదాన్నీ పెంచుతాయి. పిల్లలు అక్కర్లేదనుకుంటే గర్భసంచి తీయించడం మేలు. ఎద ముగిసిన రెండు మూడు నెలలకి, పాలు పూర్తిగా ఆరాక చేయించాలి. ఆపరేషన్ తర్వాత ఖర్చయ్యే శక్తి తగ్గుతుంది, ఆకలి మాత్రం తగ్గదు. అందుకే కుట్లు మానిన వారం నుంచి మొత్తం తిండిలో నాలుగోవంతు కోసేసి, నెలకోసారి తూచి చూడండి.