వరంగల్‌లో ఇంటి పన్ను: వడ్డీ పడకుండా కట్టే పద్ధతి

హనుమకొండ, వరంగల్, కాజీపేట అని మూడు పేర్లతో పిలిచినా ఈ మూడింటిలో ఎక్కడ ఇల్లున్నా ఇంటి పన్ను చేరేది బల్దియాకే, అంటే గ్రేటర్ వరంగల్ మహానగర పాలక సంస్థకే. మార్చి నెలాఖరు వచ్చిందంటే పన్ను కౌంటర్ల దగ్గర వరుసలు పెరుగుతాయి. ఆ వరుసలో నిలబడినవారందరూ చేతిలో డబ్బు లేక ఆలస్యం చేసినవారు కారు. పాత బకాయి ఒకటి ఉందని తెలియనివారు, ఇల్లు ఇంకా తాతగారి పేరు మీదే ఉండి నోటీసు చేతికందనివారు, నిరుడు ఆన్‌లైన్‌లో కట్టిన సొమ్ము జమ అయిందో లేదో చూసుకోనివారు అందులో తక్కువేమీ ఉండరు. వడ్డీ ఎక్కువగా పడేది ఇటువంటి చోట్లనే. అందువల్ల సొమ్ము ఎలా కట్టాలన్నదానికంటే ముందు, ఎప్పటిలోగా కట్టాలో, కట్టే ముందు ఏ కాగితంలో ఏమి చూడాలో తెలుసుకోవడం అవసరం.

గడువులు, వడ్డీ లెక్క

పన్ను సంవత్సరం ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది. మున్సిపాలిటీలలో ఆస్తి పన్నును ఆరు నెలలకొకసారి చొప్పున రెండు భాగాలుగా లెక్కిస్తారు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఉన్న మొదటి అర్ధ సంవత్సరపు పన్నును జూన్ 30లోగా, అక్టోబర్ నుంచి మార్చి దాకా ఉన్న రెండవ దానిని డిసెంబర్ 31లోగా కట్టాలి. ఆ తేదీ దాటితే కట్టని మొత్తం మీద నెలకు 2 శాతం సాధారణ వడ్డీ పడుతుంది. మార్చి 31 వరకు సమయం ఉందన్న నమ్మకం మనలో చాలా మందికి బలంగా నాటుకుపోయింది కానీ, అది ఆ సంవత్సరపు పద్దు మూసే తేదీ మాత్రమే. మొదటి సగం మీద వడ్డీ అప్పటికి తొమ్మిది నెలలుగా నడుస్తూనే ఉంటుంది.

ఏడాదికి 6,000 రూపాయల పన్ను ఉన్న ఒక ఇంటిని తీసుకొని లెక్క వేద్దాం. మొదటి సగం 3,000 రూపాయల మీద నెలకు 60 రూపాయల చొప్పున జూలై నుంచి మార్చి దాకా 540 రూపాయలు, రెండవ సగం మీద జనవరి నుంచి మార్చి దాకా 180 రూపాయలు, కలిపి 720 రూపాయల వడ్డీ అవుతుంది. ఇదే ఇంటి యజమాని ఏప్రిల్ 30లోగా ఏడాది పన్నంతా ఒకేసారి చెల్లించి ఉంటే, ఎర్లీబర్డ్ పథకం కింద 5 శాతం రాయితీ వచ్చి 300 రూపాయలు మిగిలేవి. అంటే ఏప్రిల్‌లో కట్టినవారికీ మార్చిలో కట్టినవారికీ మధ్య తేడా 1,020 రూపాయలు, దాదాపు రెండు నెలల పన్నుకు సమానం. బకాయి అలాగే మరుసటి సంవత్సరంలోకి వెళ్తే ఆ 6,000 మీద ఏటా 1,440 రూపాయల వడ్డీ చేరుతుంది. వడ్డీ మీద వడ్డీ పడదన్నది నిజమే కానీ, ఏడాదికి 24 శాతం అంటే బ్యాంకులో బంగారం కుదువపెట్టి తెచ్చే అప్పు కంటే కూడా బరువైన వడ్డీ అని గుర్తుంచుకోవాలి.

ఐదు శాతం రాయితీ ఆ ఏటి పన్నుకే వర్తిస్తుంది, పాత బకాయికి వర్తించదు. బకాయి ఉన్నవారు రాయితీని నమ్ముకొని ఈ ఏటి పన్ను ఒక్కటే కట్టి ఊరుకుంటే వెనుకటి దాని మీద వడ్డీ ఆగదు కనుక, రెండింటినీ కలిపి తేల్చుకోవాలి. ఏప్రిల్‌లో మొత్తం కట్టే వీలు లేనివారు కనీసం మొదటి సగాన్ని జూన్‌లోనే కట్టివేస్తే రాయితీ పోయినా వడ్డీ పడదు. పిల్లల బడి ఫీజులు, వానకాలం పంట పెట్టుబడులు సరిగ్గా జూన్‌లోనే మీద పడతాయి కాబట్టి, యాసంగి వడ్ల డబ్బు చేతికందగానే పన్ను సొమ్మును పక్కన పెట్టుకోవడం మేలు.

డిమాండు నోటీసును చదవడం

బిల్ కలెక్టర్ ఇచ్చిపోయే డిమాండు నోటీసును చాలా ఇళ్లలో చివరి అంకె మాత్రం చూసి మడిచి పెట్టేస్తారు. నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన కాగితం ఇదే, కాబట్టి దీనిని పైనుంచి కిందికి నిదానంగా చదవాలి.

మొదట ఉండేది పీటీఐఎన్, అంటే ఆస్తి పన్ను గుర్తింపు సంఖ్య. దీనినే అసెస్‌మెంట్ నంబరు అని కూడా అంటారు. పన్ను లెక్కలన్నీ ఇంటి నంబరు మీద కాక ఈ సంఖ్య మీదనే నడుస్తాయి. ఒకే ఇంటికి పాత ఇంటి నంబరుతో ఒకటి, కొత్త ఇంటి నంబరుతో మరొకటి, ఇలా రెండు పీటీఐఎన్‌లు ఉండిపోతే, యజమాని ఒకదాని మీద ఏటా నిక్కచ్చిగా కడుతూనే ఉంటాడు, రెండవ దాని మీద బకాయి, వడ్డీ పెరుగుతూనే ఉంటాయి. ఇల్లు కూల్చి కొత్తది కట్టుకున్నవారు, పై అంతస్తు వేసి దానికి వేరే నంబరు తీసుకున్నవారు, అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నవారు తమ పేరు మీద, పాత నంబరు మీద, కొత్త నంబరు మీద విడివిడిగా వెతికి చూసుకోవాలి. రెండు ఉన్నట్లు తేలితే అందులో ఒకదానిని రద్దు చేయమని రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వాలి. బిల్ కలెక్టర్‌కు నోటిమాటగా చెప్పి వదిలేస్తే ఆయన బదిలీ కాగానే ఆ మాట కూడా పోతుంది.

తరువాత యజమాని పేరు, కట్టడపు విస్తీర్ణం, వాడకం ఉంటాయి. పన్నును కట్టడం ఉన్న ప్రాంతం, కట్టుబడి రకం, ఇంటి వయసు, నివాసమా వ్యాపారమా అన్న అంశాలను బట్టి వచ్చే వార్షిక అద్దె విలువ మీద నిర్ణయిస్తారు. కనుక రేకుల ఇంటిని స్లాబు ఇల్లని రాసినా, ఎప్పుడో మూతబడిన కిరాణా కొట్టును ఇంకా వ్యాపార స్థలంగానే చూపుతున్నా ఏటా ఎక్కువ సొమ్ము పోతుంది. దీనికి ఎదురు తప్పు కూడా ఉంది: ఇంటి ముందు గదికి షటరు పెట్టించి అద్దెకిచ్చి, నోటీసులో మాత్రం మొత్తం నివాసమనే ఉంటే ఆనందించవలసిన పని లేదు. 2019 నాటి తెలంగాణ మున్సిపాలిటీల చట్టం యజమాని స్వయంగా ఇచ్చే వివరాలను నమ్మి పన్ను వేసే పద్ధతిని తెచ్చింది. అదే చట్టం, ఆ వివరాలు అబద్ధమని తేలితే 25 రెట్ల జరిమానాకు కూడా వీలు కల్పించింది. అదే చట్టం ప్రకారం 75 చదరపు గజాల లోపు స్థలంలో, పైన ఒక్క అంతస్తుకు మించని చిన్న ఇంటికి ఏటా 100 రూపాయల పన్నే ఉంటుంది. ఆ కొలతలో ఉన్న ఇంటికి వేలల్లో నోటీసు వస్తే అడగవలసిందే.

కింది భాగంలో అంకెలు ఉంటాయి. ఈ ఏటి రెండు సగాలు, పాత బకాయి, ఆ బకాయి మీద వడ్డీ, గ్రంథాలయ సెస్సు విడివిడిగా కనిపించాలి. గ్రంథాలయ సెస్సు పన్ను మీద 8 శాతం. అది జిల్లా గ్రంథాలయ సంస్థకు వెళ్తుంది. ఇది జరిమానా అనుకొని గొడవ పడేవారు ఉంటారు, కానీ అది అందరికీ ఉండేదే. చూడవలసిన గడి బకాయిది. మీ దగ్గర నిరుటి రశీదు ఉండి కూడా ఆ గడిలో సున్నా కాక మరేదైనా అంకె ఉంటే, ఈ ఏటి పన్ను కట్టడానికి ముందే ఆ సంగతి తేల్చుకోవాలి. నల్లా బిల్లు, ట్రేడ్ లైసెన్సు రుసుము వేరే పద్దులు. ఇంటి పన్ను కట్టినంత మాత్రాన అవి కట్టినట్లు కాదు.

కట్టే దారులు

పురపాలక శాఖ వారి సీడీఎంఏ వెబ్‌సైటులో జిల్లాను, ఊరిని ఎంచుకొని పీటీఐఎన్ ఇస్తే కట్టవలసిన మొత్తం కనిపిస్తుంది. సంఖ్య తెలియకపోతే ఇంటి నంబరుతోనో యజమాని పేరుతోనో వెతకవచ్చు. సొమ్ము కట్టే ముందు తెర మీద వచ్చిన పేరు, ఇంటి నంబరు మీవేనా అని చూసుకోవాలి. ఒక్క అంకె తప్పితే పక్కవారి పన్ను కట్టినవారవుతారు, దానిని తిరిగి రాబట్టుకోవడం కట్టినంత తేలిక కాదు. ఆన్‌లైన్ అలవాటు లేనివారు మీసేవ కేంద్రంలో గానీ, బల్దియా ప్రధాన కార్యాలయంలో గానీ, కాశిబుగ్గ, కాజీపేట సర్కిల్ కార్యాలయాలలో గానీ కట్టవచ్చు. ఇంటికి వచ్చిన బిల్ కలెక్టర్‌కు ఇస్తే చేతి మిషన్‌లో నుంచి వచ్చే రశీదును అక్కడే తీసుకోవాలి. రేపు తెచ్చిస్తానన్న మాట మీద నగదు ఇవ్వకూడదు. మిషన్ కాగితం మీది అక్షరాలు ఏడాది తిరిగేసరికి వెలిసిపోతాయి గనుక, అదే రోజు ఫోనులో ఫొటో తీసి పెట్టుకోవాలి.

ఏప్రిల్ 30న, మార్చి 31న వెబ్‌సైటు మీద రద్దీ పెరుగుతుంది. ఖాతాలో నుంచి డబ్బు పోయి రశీదు రాకపోతే వెంటనే రెండోసారి కట్టకుండా, లావాదేవీ సంఖ్యను రాసి పెట్టుకొని రెండు మూడు రోజుల తరువాత బకాయి మళ్లీ చూడాలి. అప్పటికీ తగ్గకపోతే బ్యాంకు స్టేట్‌మెంటుతో సర్కిల్ కార్యాలయానికి వెళ్లాలి. ఈ చిక్కు రాకుండా ఉండాలంటే ఆఖరి వారం దాకా ఆగకుండా ఏప్రిల్ రెండో వారంలోనే కట్టడం తేలిక. చెక్కు ఇచ్చేవారు అది చెల్లకపోతే పన్ను కట్టనట్లేనని గ్రహించాలి.

పేరు మార్పు, విలీన గ్రామాల చిక్కులు

మడికొండ, హసన్‌పర్తి, మామునూరు వంటి విలీన గ్రామాలలో ఒకప్పుడు పంచాయతీకి ఇంటి పన్ను కట్టిన రశీదులు ఉన్నవారు వాటిని పారవేయకూడదు. ఇల్లు ఎప్పటిది, ఎంత విస్తీర్ణంలో ఉండేది అన్న ప్రశ్న వచ్చినప్పుడు అవి అక్కరకు వస్తాయి. విలీనం కాని గ్రామాలలో పన్ను పంచాయతీ కార్యదర్శికే కట్టాలి, ఆ లెక్కలు వేరు.

ఇల్లు కొన్నవారికి ఇప్పుడు రిజిస్ట్రేషన్‌తో పాటే మ్యుటేషన్, అంటే పన్ను రికార్డులో యజమాని పేరు మార్పు, జరిగే ఏర్పాటు ఉంది. అయినా తరువాతి నోటీసులో పేరు మారిందో లేదో చూసుకోవాలి. కొనే ముందే ఆ పీటీఐఎన్ మీద బకాయి ఎంత ఉందో చూడటం ఇంకా ముఖ్యం, ఎందుకంటే బకాయి మనిషిని కాక ఇంటిని పట్టుకొని ఉంటుంది. వారసత్వంగా వచ్చిన ఇంటికి మాత్రం వారసులే దరఖాస్తు చేసుకోవాలి. మరణ ధృవీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధృవీకరణ పత్రం, ఇంటి దస్తావేజు, పన్ను బకాయి లేదని చూపే రశీదు సిద్ధం చేసుకోవాలి. 2021లో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ జిల్లాగా, వరంగల్ రూరల్ జిల్లా వరంగల్ జిల్లాగా మారినప్పటి నుంచి నగరం రెండు జిల్లాలలో పరచుకొని ఉంది. పన్ను ఒకే బల్దియాకు కట్టినా, కుటుంబ సభ్యుల పత్రం కోసం ఖిలా వరంగల్ వారు ఒక జిల్లా తహసీల్దారు దగ్గరికి, కాజీపేట వారు మరో జిల్లా తహసీల్దారు దగ్గరికి వెళ్లాలి. పేరుతో పాటు నోటీసుకు జతపడిన ఫోన్ నంబరును కూడా మార్పించుకుంటే సమాచారం మీకే వస్తుంది. లేకపోతే అది ఎప్పుడో ఊరు వదిలి వెళ్లినవారి ఫోనుకు పోతూ ఉంటుంది. పన్ను రశీదు మీద మీ పేరు ఉన్నంత మాత్రాన అది యాజమాన్య హక్కు పత్రం కాదన్నది కూడా వారసులు తమలో తాము స్పష్టం చేసుకోవాలి.

బకాయి పేరుకుపోయినవారు

ఏళ్ల తరబడి కట్టనివారికి మొదట రెడ్ నోటీసు వస్తుంది. దానికీ కదలకపోతే నల్లా కనెక్షన్ తీసివేయడం, ఇంట్లోని చరాస్తులను జప్తు చేయడం దాకా వెళ్లే అధికారం పాలక సంస్థకు ఉంది. ప్రభుత్వం కొన్ని సంవత్సరాలలో వన్ టైమ్ సెటిల్‌మెంట్ పేరిట బకాయి మీది వడ్డీలో 90 శాతం మాఫీ ప్రకటించింది. అటువంటి ఉత్తర్వు వచ్చినప్పుడు అసలు మొత్తాన్నీ, మిగిలిన 10 శాతం వడ్డీనీ ఒకేసారి కట్టాలి కాబట్టి పెద్ద బకాయి ఉన్నవారు ఆ అవకాశాన్ని తప్పక వాడుకోవాలి. అయితే ఆ మాఫీ వస్తుందనే ఆశతో ఈ ఏటి పన్నును ఆపడం తెలివైన పని కాదు. మాఫీ ఏ ఏడు వస్తుందో, అసలు వస్తుందో రాదో ఉత్తర్వు వెలువడేదాకా తేలదు, ఆలోగా నెలకు 2 శాతం మాత్రం ఆగదు.

పన్ను ఎక్కువ వేశారని అనిపిస్తే నోటీసులో ఇచ్చిన గడువులోపు కమిషనర్ పేరిట అభ్యంతరం రాసి ఇవ్వాలి. విస్తీర్ణం తప్పయితే మళ్లీ కొలవమని కోరాలి, వాడకం తప్పయితే షటరు మూసివున్న ఫొటోనో కరెంటు బిల్లు రకాన్నో జతపరచాలి. దరఖాస్తు నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోవాలి. సర్కిల్ కార్యాలయంలో పని కాకపోతే సోమవారం జరిగే ప్రజావాణిలో ఇవ్వవచ్చు. తీర్పు వచ్చేదాకా పన్ను కట్టనవసరం లేదని ఎవరైనా చెప్పినా వినకూడదు. వివాదం లేని పాత మొత్తాన్నైనా గడువులోగా కట్టి రశీదు దాచుకుంటే, దరఖాస్తు నలిగే నెలలలో వడ్డీ తేడా మొత్తానికే పరిమితమవుతుంది. పన్ను తగ్గించి అప్పటికే ఎక్కువ కట్టినట్లు తేలితే ఆ మిగులును తరువాతి అర్ధ సంవత్సరపు పన్నులో సర్దమని అదే దరఖాస్తులో ఒక వాక్యం రాసి పెట్టాలి.