పాత జర్మన్ గాజు గోలీలను గుర్తించడం, విలువ కట్టడం

పాత జర్మన్ గోలీ చేతికి వస్తే ముందు రంగులు కాదు, మచ్చ వెతకాలి. థురింగియా కొండల్లోని లౌషా ఊళ్లో 1846 ప్రాంతంలో ఎలియాస్ గ్రైనర్ రూపొందించిన గోలీ కత్తెరకు ఒక కొసన చిన్న గిన్నె ఉండేది. పనివాళ్లు రంగుల గాజు కడ్డీని కొలిమిలో మెత్తబరిచి, మెలిపెట్టి, దాని కొసను ఆ గిన్నెలో తిప్పుతూ గుండ్రం చేసి తెంపేవారు. తెంపిన చోట మిగిలిన గరుకు మచ్చనే పాంటిల్ అంటారు.

గోలీని కిటికీ వెలుగులో పట్టుకుని, భూతద్దంతో చూస్తూ నెమ్మదిగా తిప్పండి. కడ్డీ నుంచి తెంపిన గోలీకి సాధారణంగా ఎదురెదురుగా రెండు మచ్చలుంటాయి. లోపలి రంగు పోగులు ఒక మచ్చ దగ్గర మొదలై, మెలిక తిరిగి, రెండో మచ్చ దగ్గర ముగుస్తాయి. మట్టి బొమ్మను గాజులో పొదిగిన సల్ఫైడ్ గోలీలను ఒక్కొక్కటిగా చేసేవారు కనుక వాటికి ఒకే మచ్చ ఉండటం మామూలు. అయితే నేటి కళాకారులు చేసే గోలీలకూ ఈ మచ్చ ఉంటుంది కాబట్టి, వాడకంతో పడిన సన్నని గీతలు, దెబ్బ తగిలిన చోట గాజు లోపల కనిపించే చంద్రవంకలు ఉన్నాయో లేదో కూడా చూడాలి.

నడుమ తెల్లని దారాల వల ఉన్న చిన్న గోలీలు విరివిగా దొరుకుతాయి. కొత్తవారు వాటితో మొదలుపెట్టడం మంచిది. రాగి రజను బంగారంలా మెరిసే లుట్జ్ గోలీలు, 50 మిల్లీమీటర్లు దాటిన పెద్దవి ఖరీదైనవి. నికొలస్ లుట్జ్ అనే గాజు కళాకారుడి పేరు వాటికి స్థిరపడింది గానీ, ఆయన గోలీలు చేశాడనడానికి ఆధారం లేదు.

అన్నిటికన్నా ధరను శాసించేది పైపొర. పెచ్చులు పోవాలని సానపట్టిస్తే గోలీ అద్దంలా మెరుస్తుంది, కానీ పైపొరతో పాటు పాంటిల్ కూడా అరిగిపోయి విలువ బాగా పడిపోతుంది. దెబ్బలున్నా సానపట్టని గోలీనే కొనమని నా సలహా. మురికిగా ఉంటే గోరువెచ్చని సబ్బునీటితో కడగండి. మరిగే నీళ్లు పోస్తే పాత గాజు పగలవచ్చు. ఒకే సీసాలో కలిపి పోయకుండా, ఒక్కో గోలీని విడిగా గుడ్డలో చుట్టి భద్రపరచండి.